అల్లుడూ, బండి మళ్ళీ తీసే ముందు ఇది చదువు

ఒరేయ్ అల్లుడూ,

కొత్త సైడ్ బై సైడ్ ఫోటో చూశా, అదే పక్కపక్కన సీట్లుండే ఆ నాలుగు చక్రాల పొలం బండి, బాగుంది. కానీ వెనక బెడ్‌లో పిల్లలు ముగ్గురూ నిలబడి ఉన్నారు చూడు, అది చూశాక నిద్ర పట్టలేదు. అది మట్టీ కట్టెలూ వేసుకోడానికిరా, మనుషులకి కాదు.

ఇక్కడ టెక్సాస్‌లో పొలం కొన్న కొత్తలో నేనూ బోల్తా కొట్టా. కొండా కాదు గుట్టా కాదు, చదును నేల, స్పీడ్ ఓ 15 మైళ్ళుంటుందేమో, గేటు దగ్గర స్టీరింగ్ ఠక్కున తిప్పా అంతే. ఒరుగుతుంటే మనకి తెలీకుండానే చెయ్యి బయటపెట్టి నేలని ఆపబోతాం, నేనూ అదే చేశా, ఎడమ మణికట్టులో ప్లేటు ఇంకా ఉంది. బెల్ట్ ఉంది కాబట్టి అంతటితో పోయింది, లేకపోతే బయటపడి ఆ రోల్ కేజ్, అదే సీట్ల చుట్టూ ఉండే ఇనుప చట్రం, దాని కిందే నలిగేవాణ్ణి. సైడ్ నెట్లు గాలికి అడ్డమని విప్పేశావు కదా, మళ్ళీ కట్టు.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అనుకోకు. 2009లో యమహా రైనో 450, 660 అనే ఇలాంటి సైడ్ బై సైడ్ బండ్లకే ఫ్రీ రిపేర్ ప్రకటించారు, వెనక చక్రాలకి స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే దిమ్మలు) పెట్టి వెడల్పు పెంచారు, వెనక రెండు చక్రాల్నీ కలిపే స్టెబిలైజర్ బార్ పీకేశారు. అమెరికా ప్రభుత్వ సేఫ్టీ కమిషన్ వాళ్ళు చూసిన బోల్తాల్లో చాలావి చదును నేల మీద, తక్కువ స్పీడ్‌లో, మలుపు తిప్పుతుంటే జరిగినవే.

మన ఊళ్ళో గడ్డి బండి ఎత్తుగా వేస్తే గట్టు మలుపులో ఒరిగేది గుర్తుందా, ఇదీ అంతే, ఎత్తెక్కువ వెడల్పు తక్కువ. తారు రోడ్డు మీద ఇంకా డేంజర్, మట్టిలో అయితే టైరు కాస్త జారుతుంది, రోడ్డు మీద గట్టిగా పట్టేసి బండినే ఎత్తి పడేస్తుంది. స్ప్రే ట్యాంకు సగం నింపి తిప్పకు, లోపల నీళ్ళు మలుపులో ఒక పక్కకి కొట్టుకుపోతాయి. వాలులో నిలువుగా ఎక్కు, నిలువుగా దిగు, అడ్డంగా పోకు.

పెద్దాడికి 16 నిండేదాకా స్టీరింగ్ ఇవ్వకు, ఎంత ఏడ్చినా సరే. చిన్నది పక్క సీట్లో వీపు ఆనించి కూర్చుంటే పాదాలు ఫ్లోర్‌కి ఆనాలి, చెయ్యి హ్యాండిల్‌కి అందాలి, ఆనకపోతే ఈ ఏడాదికి ఇంట్లోనే. హెల్మెట్లు అందరికీ.

ఆ ఫోటో మాత్రం మీ అమ్మకి పంపకు, అక్క ముందు నాకు ఫోన్ చేసి నన్నే తిడుతుంది.

మామయ్య