అతను రిప్లై ఇవ్వని ఆ గంటలో

అమ్మలూ,

మెసేజ్ చూసి కూడా అతను పలక్కపోతే నీకు కాళ్లూ చేతులూ ఆడవని రాశావు. వరసపెట్టి మెసేజ్‌లు పంపి, ఆనక సిగ్గుపడుతున్నావట. అతని మనసులో ఏముందో కనిపెట్టే పని కాసేపు పక్కన పెట్టు.

ఏ ఆలోచన వచ్చినా "ఇది ఎవరికి వచ్చింది?" అని అడగమనేవారు రమణ మహర్షి. ఆయన అడగమన్నది 'నేను' ఎక్కడ పుడుతోందో చూడటానికి. ప్రేమ తగాదాలు తీర్చుకోవడానికి కాదనుకో. అయినా ఆ ప్రశ్న ఇక్కడా పనికొస్తుంది. ఈసారి దడ మొదలవగానే ఫోన్ బోర్లించి కూర్చో. ఒంట్లో ఎక్కడ పట్టేసిందో చూడు, గొంతులోనా, కడుపులోనా అని. అప్పుడు అడుగు: ఈ భయం ఎవరికి? ఇవాళ్టి నీకా, లేక ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడకపోతే తప్పు తనదేనేమో అని బిక్కుబిక్కుమనే పిల్లకా? జవాబు మాటల్లో రాకపోవచ్చు. ఏదో పాత సంగతి గుర్తొస్తుంది. దాన్ని తవ్వకు, ఉండనీ.

తర్వాత కాగితం మీద జరిగింది ఒక పక్క, నువ్వు కలిపింది ఒక పక్క రాయి. "మధ్యాహ్నం నుంచి జవాబు లేదు" అన్నది జరిగింది. "నేనంటే విసుగొచ్చింది" అన్నది నువ్వు కలిపింది.

పసిపిల్లల అనుబంధం గురించి బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు చెప్పినదాన్ని 1987లో హజాన్, షేవర్ అనే మనస్తత్వవేత్తలు పెద్దవాళ్ల ప్రేమలకు అన్వయించారు. కొందరు కుదురుగా ఉంటారు, కొందరు వదిలేస్తారేమోనని పట్టుకు వేలాడతారు, కొందరు దగ్గరయ్యేకొద్దీ తప్పుకుంటారు. తెలుసుకో, మంచిదే. అతని మీద ముద్ర వేయడానికి మాత్రం వాడకు. ఈ ధోరణులు మారతాయి కూడా.

ఇంకోటి. ఇలా కూర్చోవడం అలవాటయ్యాక చాలామంది "నాకెవరూ అక్కర్లేదు" అనే చోటికి చేరి, అదే ప్రశాంతత అనుకుంటారు. నాకది పారిపోవడంలాగే కనిపిస్తుంది. "పని ఉంటే ఒక్క ముక్క చెప్పు, నాకు నిమ్మళంగా ఉంటుంది" అని అడగడంలో తప్పేం లేదు. నెమ్మదించాక అడుగు, అంతే.

అతను రోజుల తరబడి మాయమై, అడిగితే నిన్నే చులకన చేస్తుంటే మాత్రం ఆ భయం పాతది కాదు, ఇప్పటిదే. దాన్ని "ఎవరికి?" అనే ప్రశ్నతో జోకొట్టకు. కూర్చున్నకొద్దీ నిద్ర పట్టకుండా పోతోందంటే, ఊపిరాడనట్టుందంటే ఆపేసి కౌన్సెలర్‌ను కలువు.

పెద్ద గొడవైన రోజు కోసం ఆగకు. చిన్న చిన్న టెన్షన్లప్పుడే మొదలుపెట్టు.

నీ పెద్దమ్మ