బరువు పెరుగుతున్నాయి, కానీ కుంటుతున్నాయి

ప్రశ్న: మా పందులకు మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు కలిపిన దాణా పెడుతున్నాం. బరువు బాగానే వస్తున్నాయి. కానీ పెద్దవాటిలో కొన్ని కుంటుతున్నాయి, ఒకటి వెనక కాళ్ల మీద లేవలేకపోతోంది. ఎముకలకు మంచిదని సున్నపురాయి పొడి పెంచాం, అయినా తగ్గలేదు. భాస్వరం లోపమేనా? అదే అయితే ఎదుగుదల కూడా ఆగిపోవాలి కదా?

జవాబు: ఆగిపోవాలని లేదండీ. చాలామంది పొరబడేది ఇక్కడే. పంది గరిష్ఠంగా బరువు పెరగడానికి చాలే భాస్వరం, ఎముక పూర్తిగా గట్టిపడడానికి చాలదు. ఒంట్లోని భాస్వరంలో ఎక్కువ భాగం ఎముకల్లోనే ఉంటుంది కాబట్టి, దాణాలో కాస్త తగ్గితే కండ పెరుగుతూనే ఉంటుంది, ఎముక మాత్రం బలహీనపడుతుంది. లోపం మరీ ముదిరాకే మేత తగ్గడం, ఎదుగుదల మందగించడం కనిపిస్తాయి. అందుకే తూకం చూసి ధైర్యపడకండి.

మీ దాణాలో భాస్వరం లేక కాదు, తవుడులో అయితే చాలానే ఉంటుంది. కానీ మొక్కజొన్న, తవుడు లాంటి వాటిలో ఎక్కువ వంతు ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది, దాన్ని విడగొట్టే ఫైటేజ్ ఎంజైమ్ పంది పేగుల్లో తగినంత ఉండదు, దాంతో అదంతా పేడలో పోతుంది. కాబట్టి ల్యాబ్ రిపోర్టులో చూపే మొత్తం భాస్వరం కాదు, జీర్ణమయ్యేది ఎంతో చూడాలి. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012 లెక్కల ప్రకారం ఇది 11–25 కిలోల పందికి దాణాలో 0.33 శాతం, 50–75 కిలోల పందికి 0.27 శాతం ఉండాలి.

ఇక సున్నపురాయి పొడి. అందులో భాస్వరం ఉండదు, ఉన్నదల్లా కాల్షియమే, అది మోతాదు మించితే పేగుల్లో భాస్వరాన్ని కూడా అందకుండా చేస్తుంది. అంటే మంచి చేస్తున్నాననుకుని లోపాన్ని మీరే పెంచుతున్నట్టు! మొత్తం కాల్షియం, మొత్తం భాస్వరానికి 1.1 నుంచి 1.25 రెట్ల మధ్య ఉంటే చాలు. పొడి తగ్గించి, డైకాల్షియం ఫాస్ఫేట్ కలపండి, అందులో దాదాపు 18 శాతం భాస్వరం ఉంటుంది. ఫైటేజ్ పొడి కూడా కలపొచ్చు, దానివల్ల ఫాస్ఫేట్ తక్కువ పడుతుంది, పేడతో చెరువుల్లోకి చేరే భాస్వరమూ తగ్గుతుంది. అయితే దాణాను గుళికలుగా చేసే వేడికి మామూలు ఫైటేజ్ చెడిపోతుంది, వేడిని తట్టుకునే రకం అడగండి. పందులు ఎప్పుడూ షెడ్డులోనే ఉంటే విటమిన్ డి కూడా చూసుకోండి.

లేవలేని పందిని మాత్రం బలవంతంగా లేపకండి, తొడ ఎముకో వెన్నో విరిగి ఉండొచ్చు. పశువైద్యుణ్ని వెంటనే పిలిపించండి, కీళ్ల ఇన్ఫెక్షన్ వల్ల కూడా ఇలాగే కుంటుతాయి. సంతానానికి ఉంచుకునే ఆడ పంది పిల్లలకు మొదటి నుంచీ ఖనిజాలు కాస్త ఎక్కువ ఇవ్వండి, పాలిచ్చే రోజుల్లో తల్లి ఎముకల నుంచే ఖనిజాలు చాలా పోతాయి.