సృష్ట్యాది గతాబ్దాలు: రెండు పంచాంగాల్లో రెండు అంకెలు

ప్రశ్న: ఈ పరాభవ సంవత్సరానికి రెండు పంచాంగాలు కొన్నాం. పీఠికలో ఒకరు సృష్ట్యాది గతాబ్దాలు (సృష్టి నుంచి గడిచిన ఏళ్లు) 195,58,85,127 అని, ఇంకొకరు కల్పాది గతాబ్దాలు 197,29,49,127 అని వేశారు. ఏది అచ్చుతప్పు? (తణుకు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండూ సరైనవే. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 1,70,64,000 మిగులుతుంది. కల్పం (బ్రహ్మకు ఒక పగలు, వెయ్యి మహాయుగాలు) మొదలయ్యాక గ్రహాలను, నక్షత్రాలను, చరాచరాలను సృష్టించడానికి బ్రహ్మకు 47,400 దివ్య సంవత్సరాలు పట్టిందని ప్రాచీన జ్యోతిష గ్రంథం సూర్యసిద్ధాంతం చెబుతుంది. దివ్య సంవత్సరం అంటే మనకు 360 ఏళ్లు. హెచ్చవేసి చూడండి, ఆ తేడాయే వస్తుంది. గ్రహాలు కదలడం మొదలైనప్పటి నుంచి లెక్కించేవారు దాన్ని తీసేస్తారు. ఏ అంకె ఎక్కడి నుంచి మొదలైందో పీఠికలో ఒక్క ముక్క రాస్తే ఇంత అయోమయం ఉండదు.

పెద్ద అంకెను మీరే కట్టవచ్చు. మహాయుగం 43,20,000 ఏళ్లు. అలాంటివి 71 అయితే ఒక మన్వంతరం, 30,67,20,000. ఇప్పుడు నడుస్తున్న వైవస్వతం ఏడోది కాబట్టి ఆరు గడిచాయి: 184,03,20,000. దీనికి సంధులు, అంటే మన్వంతరాల మధ్య వచ్చే కాలాలు, కలపాలి. ఒక్కో సంధి కృతయుగమంత, 17,28,000 ఏళ్లు. చాలామంది తప్పేది ఇక్కడే: ఆరు మన్వంతరాలకు ఆరు సంధులే వేస్తారు. కల్పం మొదట్లోనూ ఒకటుంది కనుక ఏడు, అంటే 1,20,96,000. వైవస్వతంలో గడిచిన 27 మహాయుగాలకు 11,66,40,000. ఇరవై ఎనిమిదోదాంట్లో కృత, త్రేతా, ద్వాపరాలకు 38,88,000. చివరికి కలి గతాబ్దాలు 5,127. అన్నీ కూడితే 197,29,49,127.

సంధులు వదిలేస్తే కల్పం మొత్తం కూడా పొసగదు. పద్నాలుగు మన్వంతరాలకు 994 మహాయుగాలే వస్తాయి. పదిహేను సంధులు సరిగ్గా ఆరు మహాయుగాలకు సమానం. అప్పుడే వెయ్యి పూర్తవుతుంది.

గతాబ్దాలంటే గడిచిపోయినవి. నడుస్తున్నది కలిలో 5,128వ ఏడు.

ప్రశ్న: పుట్టిన ఏడాదిని బట్టి సంవత్సరం పేరు ఎలా తెలుసుకోవాలి? కాశీ పంచాంగంలో వేరే పేరు ఎందుకుంటుంది? (షష్టిపూర్తి చేయబోతున్న కుటుంబం, వరంగల్)

జవాబు: 1987 ఉగాదికి ప్రభవ మొదలైంది, అంతకు ముందు 1927లో. కాబట్టి 1927 నుంచి 1986 వరకు పుట్టినవారు ఆ ఏడాదిలోంచి 1926 తీసేయాలి. 1966 అయితే 40, ప్రభవ నుంచి లెక్కిస్తే పరాభవ. అయితే ఉగాదికి ముందు పుట్టినవారు ఒకటి తగ్గించుకోవాలి. 1966 ఫిబ్రవరిలో పుట్టినవారిది విశ్వావసు. జనవరి నుంచి ఉగాది లోపు పుట్టినవారి విషయంలో పొరపాటు ఎక్కువగా జరుగుతుంది కనుక తిథితో సహా సరిచూసుకోండి.

ఉత్తరాదివారు బృహస్పతి మధ్యమ గతిని (సగటు నడకను) పాటిస్తారు. ఆయన ఒక రాశి దాటడానికి సుమారు 361 రోజులు పడుతుంది, సౌర సంవత్సరం కంటే నాలుగు రోజుల పైచిలుకు తక్కువ. ఆ తేడా పేరుకుని దాదాపు 85 ఏళ్లకు ఒక పేరు దాటిపోతుంది. దాన్ని క్షయ సంవత్సరం అంటారు. మనం ఆ క్షయం పాటించం. అందుకే ఇప్పుడు వారు మనకంటే పదమూడు, పద్నాలుగు పేర్లు ముందున్నారు. మీ సంకల్పంలో చాంద్రమానపు పేరే చెప్పుకోండి.