విదేశీ టీమ్‌తో కోడ్ బ్లూ ట్రైనింగ్

బిడ్డా,

వరంగల్‌కు విదేశీ డాక్టర్లు, నర్సులు వస్తున్నారని, మన పీజీ డాక్టర్లను, సిస్టర్లను వాళ్లతో కలిపి కోడ్ బ్లూ సిమ్యులేషన్, అంటే గుండె ఆగిన పేషెంట్‌ను బతికించే పనిని ఉత్తుత్తి కేసుతో సాధన చేయించడం, పెడుతున్నానని రాశావు. ఏ బొమ్మ కొనాలని అడిగావు. ఛాతీని ఎంత లోతు నొక్కారో లైటుతో చూపించే మొండెం బొమ్మ చాలు. దాన్ని మెత్తటి పరుపు మీద పెట్టకు, వీపు కింద గట్టి చెక్క ఉండాలి. పొట్టివాళ్లు ఎక్కడానికి ఒక స్టూలు.

బొమ్మ కంటే ముందు ఏ గైడ్‌లైన్ పాటిస్తారో తేల్చు. నొక్కే లెక్క అందరిదీ ఒక్కటే: నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 నుంచి 6 సెం.మీ., 30 నొక్కులకు 2 శ్వాసలు. తేడా వచ్చేది మందు దగ్గర. వీఎఫ్‌లో (గుండె కొట్టుకోకుండా వణికే స్థితి) అడ్రినలిన్ అమెరికా పద్ధతిలో రెండో కరెంటు షాక్ తర్వాత, యూరప్ పద్ధతిలో మూడో షాక్ తర్వాత. పేషెంట్ పక్కన నిలబడి దీని మీద వాదం మొదలైతే నొక్కే చేతులు ఆగుతాయి. ఒకటి ఎంచుకుని గోడకు అంటించు. డోసు ఎప్పుడూ మిల్లీగ్రాముల్లోనే పలకాలి. మన అడ్రినలిన్ ఆంపుల్‌లో 1 మి.లీ.కి 1 మి.గ్రా.; బ్రిటన్ వాళ్లకు అలవాటైన నింపిన సిరంజిలో అదే 1 మి.గ్రా. 10 మి.లీ.లో ఉంటుంది. "పది ఎంఎల్ ఇవ్వండి" అన్నారంటే మన సిస్టర్ చేతిలో ఏమవుతుందో ఊహించుకో.

నీళ్లు నింపిన ట్రైనింగ్ ఆంపుల్స్‌ను లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకో. ఒక్కటి వార్డు ట్రేలో కలిసినా ప్రాణం మీదికొస్తుంది.

కేసులు మన దగ్గరివే పెట్టు. గుండెపోటు వాళ్లకు తెలిసిందే. పురుగుమందు తాగిన పత్తి రైతు కేసు పెట్టు: నోట్లో నురగ, చిన్నగా అయిన కనుపాపలు, ఛాతీ నిండా గురగుర. విరుగుడు మందు అట్రోపిన్ 1.8 మి.గ్రా.తో మొదలుపెట్టి, ఛాతీ తేటపడేదాకా అయిదు నిమిషాలకోసారి రెట్టింపు. మన ఆంపుల్ 0.6 మి.గ్రా. కాబట్టి మూడు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు. నాలుగో డోసుకే నలభై అయిదు ఆంపుల్స్ విరగ్గొట్టాలి. ఆ పనికే ఒక మనిషిని పెట్టకపోతే టీమ్ అక్కడే ఇరుక్కుంటుంది.

రెండోది కట్లపాము. నేల మీద పడుకున్న మనిషి, కాటు గుర్తు లేదు, వాపు లేదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాలిన రెప్పలు, తర్వాత ఊపిరి ఆగడం. కనుపాపలు పెద్దవై వెలుతురుకు కదలవు. ఇక్కడే "బ్రెయిన్ డెడ్" అనేసే ప్రమాదం ఉంది. బ్యాగ్ మాస్క్ (చేత్తో ఊపిరి అందించే సంచి) పట్టారంటే మానిటర్‌లో సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పెంచు, ఆలస్యం చేస్తే పల్స్ పడగొట్టు. పాము విషానికి విరుగుడైన యాంటీ స్నేక్ వీనమ్ పది వయల్స్, దాని రియాక్షన్‌కు అడ్రినలిన్ సిద్ధంగా అడిగారో లేదో రాసుకో.

గ్రూపుకు ఆరుగురు మించొద్దు. లీడర్ పీజీ కావాలి, పెద్ద సారు నొక్కే పనిలో ఉండాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. మనవాళ్లు పెద్దవాళ్ల ముందు తప్పు చూసినా నోరు విప్పరు, అసలు రోగం అదే. అందుకే కేసు పది నిమిషాలైతే తర్వాతి చర్చకు ఇరవై ఉంచి, మొదట సిస్టర్‌నే అడుగు. "ఎట్లా అనిపించింది" అంటే "మంచిగుంది సార్" అంటారు. "రెండో షాక్ ముందు మానిటర్ చూసి ఆగావు, ఏం కనబడింది?" అని అడుగు, చెబుతారు.