ట్రైలర్‌లో టీవీ: హైదరాబాద్ నుంచి తీసుకెళ్లాలా?

ప్రశ్న: రెండేళ్ల కిందట టెక్సస్ వెళ్లాం. ఇప్పుడు సెలవులకు వచ్చి మియాపూర్‌లో ఉన్నాం. టెక్సస్‌లో ఈమధ్యే ఒక చిన్న పాత ట్రావెల్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి కొన్నాం. అమ్మానాన్నలను తీసుకెళ్లి నాలుగు చోట్లు తిప్పాలని ఆశ. కోఠిలో 32 అంగుళాల టీవీ, గోడ బ్రాకెట్ చూశాం, ధర బాగుంది. కొని తీసుకెళ్లి ట్రైలర్ గోడకు బిగించుకోవచ్చా?

జవాబు: అమ్మానాన్నల కోసం అనుకుంటున్నారు, సంతోషం. కానీ టీవీ మాత్రం ఇక్కడ కొనకండి.

వెనక లేబుల్ మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే అక్కడి 120 వోల్టుల కరెంటుతో పేచీ ఉండదు. చిక్కంతా ట్యూనర్‌తో, అంటే టీవీలో ఛానళ్లను పట్టే భాగంతో. అమెరికాలో యాంటెన్నా ప్రసారాలు ఏటీఎస్‌సీ పద్ధతిలో వస్తాయి. మన దేశంలో అమ్మే టీవీలు వాటిని పట్టుకోవు. సినిమాలు, సీరియళ్లు ఫోన్ హాట్‌స్పాట్ మీద చూసేస్తాం, యాంటెన్నా ఎందుకు అంటారేమో. ఊరికి దూరంగా, సెల్ సిగ్నల్ అందని చోట ట్రైలర్ నిలిపినప్పుడు గాలివాన, టోర్నడో హెచ్చరికలు ఆ లోకల్ ఛానళ్లలో తెలుస్తాయి. టెక్సస్‌లో వసంతకాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు. చాలా ట్రైలర్లకు పైకప్పు మీద యాంటెన్నా ముందే ఉంటుంది, దాని బూస్టర్ స్విచ్ లోపల గోడ మీద ఉంటుంది. ఆ స్విచ్ ఆన్ చేసి, ఊరు మారినప్పుడల్లా ఛానళ్లు మళ్లీ స్కాన్ చేసుకోవాలి.

చిన్న ట్రైలర్‌కు 24 అంగుళాలు చాలు, అది కూడా ట్రైలర్ బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల మీద నేరుగా నడిచేది చూడండి. సుమారు 30 వాట్లు, అంటే గంటకు రెండున్నర ఆంపియర్ అవర్లు లాగుతుంది. 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి. ఆ లెక్కన రాత్రి రెండు సినిమాలు చూసినా, లైట్లకూ పంపుకూ కరెంటు మిగులుతుంది. ఇన్వర్టర్ అవసరమే ఉండదు.

ఇక గోడ సంగతి. అసలు జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. మన ఇళ్లలో ఇటుక గోడ. డ్రిల్లు మిషన్ తెచ్చినాయన మనం చూపించిన చోట రంధ్రం పెట్టి, ప్లాస్టిక్ గిట్టీ కొట్టి, స్క్రూ బిగించి వెళ్లిపోతాడు. ట్రైలర్‌లో మన చేతికి తగిలేది సుమారు 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మాత్రమే. దాని వెనక ఫోమ్, ఆ వెనక బయటి తొడుగు. అన్నీ కలిపినా మందం ఒకటిన్నర, రెండు అంగుళాలు. అందులో గిట్టీ కొట్టడమంటే అట్టపెట్టెకు మేకు కొట్టడమే. బరువు మోసేది లోపలున్న చెక్క బద్దీలు, లేదా అల్యూమినియం గొట్టాలు. కాబట్టి సోఫాలోంచి ఎక్కడ బాగా కనబడుతుందో చూసే ముందు, ఆ బద్దీలు ఎక్కడున్నాయో చూడండి.

కొన్నిటిలో టీవీ పాయింటు పక్కనే కంపెనీవాళ్లు లోపల దళసరి పలక వేసి ఉంచుతారు. ముందు దాన్ని వెతకండి. లేకపోతే గోడ మీద అయస్కాంతం జరుపుతూ వెళ్తే స్క్రూలూ పిన్నులూ ఉన్నచోట అంటుకుంటుంది. అక్కడి ఇళ్లలోలాగా ప్రతి 16 అంగుళాలకూ బద్దీ ఉంటుందని మాత్రం అనుకోకండి. అనుమానం తీరాలంటే 2 మిల్లీమీటర్ల సన్న బిట్టుకు కొస నుంచి 15 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టి, మెల్లగా దింపండి. టేపు గోడను తాకగానే ఆపి, బయటికి తీసి బిట్టు గాడిలోకి చూడండి. చెక్క పొట్టు వస్తే బద్దీ దొరికినట్టే. వెండిలా మెరిసే తునకలొస్తే అల్యూమినియం. తెల్లటి ఫోమ్ పూసలొస్తే వెనక ఏ ఆధారమూ లేదు, ఆ రంధ్రం పూడ్చేసి పక్కకు జరగండి. అల్యూమినియం గొట్టం పలచన, చెక్క స్క్రూ నిలవదు. రివెట్ నట్ (రంధ్రంలో పెట్టి నొక్కితే లోపల బిగుసుకునే నట్) వేసి బోల్టు బిగించాలి.

స్క్రూ గోడలోకి అంగుళం మించి దిగకూడదు. కొస బయటి తొడుగును పొడిచిందంటే వాననీళ్లు లోపలికి దారి చేసుకుంటాయి. ట్రైలర్‌ను అన్నిటికంటే ఎక్కువగా పాడుచేసేవి ఆ నీళ్లే.

డ్రిల్లు పట్టుకునే ముందు బయటి కరెంటు ప్లగ్గు పీకేయండి, బ్యాటరీ కూడా తప్పించండి. గోడల్లో వైర్లకు మన ఇళ్లలోలాగా పైపులుండవు. ఇంకో మాట, దయచేసి మర్చిపోవద్దు. ఇక్కడి పాత వైరింగ్‌లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. అమెరికాలో 120 వోల్టుల లైనులో నలుపే లైవు, తెలుపు న్యూట్రల్. చిన్నప్పటి నుంచి అలవాటైన రంగులను నమ్మి చేయి పెట్టకండి. టెస్టర్ పెట్టి చూశాకే ముట్టుకోండి.

నన్నడిగితే బయటి గోడ జోలికే వెళ్లొద్దంటాను. అల్మారా పక్క పలకో, గదుల మధ్య అడ్డుగోడో దళసరిగా ఉంటే అక్కడ ఈ చివరి నుంచి ఆ చివరికి బోల్టులు దూర్చి, అవతలి వైపు పెద్ద వాషర్లు గానీ ఇనుప పట్టీ గానీ వేసి నట్లు బిగించండి. వాన భయం ఉండదు, బోల్టు ఊడి రాదు. స్టవ్ పైన మాత్రం వద్దు.

బ్రాకెట్ ప్రయాణంలో లాక్ అయ్యే రకం కావాలి. 24 అంగుళాల టీవీ మూడు నాలుగు కిలోలే, కానీ బ్రాకెట్ చేయి ముందుకు చాచి ఉన్నప్పుడు ఒక్క గుంతలో పడితే ఆ ఊపంతా పై స్క్రూల మీదే పడుతుంది. లాక్ ఉన్నా సరే, దూర ప్రయాణమైతే టీవీని తీసి, దుప్పటి చుట్టి, స్క్రీన్‌కు ఏదీ తగలకుండా మంచం మీద పెట్టడమే మేలు. మొదటి ప్రయాణం నుంచి రాగానే స్క్రూలన్నీ ఒకసారి బిగించి చూడండి.

ఇక్కడి నుంచి ఏదైనా తీసుకెళ్లాలనే ఉంటే ఒకరోజు హార్డ్‌వేర్ సామాను దొరికే రాణిగంజ్ వెళ్లండి. ఆ సైజు టీవీల వెనక రంధ్రాల మధ్య దూరం ఎక్కువగా 75 లేదా 100 మిల్లీమీటర్లు ఉంటుంది, వాటికి ఎం4 (4 మిల్లీమీటర్ల) బోల్టులు పడతాయి. రెండు మూడు పొడవుల్లో ఎం4 బోల్టులు, అడ్డుపలకకు ఎం6 బోల్టులు, కుదుపులకు వదులుకాని నైలాక్ నట్లు, వెడల్పాటి వాషర్లు తీసుకోండి. చిన్న పొట్లమే అవుతుంది. విమానంలో చేతి సంచిలో కాకుండా చెక్ ఇన్ పెట్టెలో వేయండి.