ఆ అమ్మాయి డాక్టరు కాదు కదా, మాట వినాలా?

ప్రశ్న: మా నాయనకు 64 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగరు. రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటాడు. ఆర్నెల్లుగా డోసు పెంచుతున్నా పరగడుపున 200 కిందికి దిగడం లేదు. పోయిన వారం తిరుపతిలో ఆసుపత్రికి తీసుకుపోతే, డాక్టరు చూడకముందే క్లినికల్ ఫార్మసిస్టునంటూ ఒక అమ్మాయి చొక్కా ఎత్తమని పొట్ట తడిమి చూసింది, సిరంజి తెచ్చారా అంది, ఇన్సులిన్ ఎక్కడ పెడతారంది. "మందులంగడి పిల్లకు నా పొట్టతో ఏం పని" అని నాయన ఒకటే కోపం. ఆమె మాట పట్టించుకోవాలా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కోపం సంగతి తర్వాత, ముందు మీరూ ఒకసారి ఆయన పొట్ట తడిమి చూడండి. బొడ్డుకు అటూ ఇటూ ఉసిరికాయంత గట్టిగా ఏమన్నా తగులుతోందా? ఏళ్ల తరబడి ఒకేచోట గుచ్చితే చర్మం కింద కొవ్వు అలా గడ్డకడుతుంది. అక్కడ నొప్పి అంతగా తెలియదు, అందుకే చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది, కానీ ఆ గడ్డలో వేసిన మందు ఒకరోజు ఒంటికి పడుతుంది, ఇంకోరోజు పట్టదు. ఇక డోసు ఎంత పెంచినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

అయితే ఒకటి, రేపటినుంచే చోటు మార్చి అదే డోసు వేసేయకండి! మంచి చోట మందు పూర్తిగా పట్టి షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి. చెమటలు, వణుకు వచ్చి 70 కిందికి పోతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి.

సిరంజి ఎందుకడిగిందంటే, ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ ఉన్నాయి, 100వీ ఉన్నాయి, వాటి సిరంజిలూ వేరు (40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత). 40 సీసాకు 100 సిరంజి వాడితే, 20 గీత దాకా లాగినా లోపలికి పోయేది 8 యూనిట్లే. అటుది ఇటయితే 20 అనుకున్నది 50 అవుతుంది, ఇంకా ప్రమాదం. తెరవని సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, ఫ్రీజర్‌లో మాత్రం కాదు. మన మే నెల ఎండలకు టీవీ పక్కన పెట్టిన సీసా ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

ఆ అమ్మాయి చదువంటారా, ఆ ఉద్యోగానికి ఎక్కువగా వచ్చేది ఫార్మ్‌డీ చదివినవాళ్లు. మన దేశంలో 2008లో మొదలైన ఆరేళ్ల కోర్సు, ఆఖరి ఏడాదంతా ఆసుపత్రిలోనే. మందు రాయడం, డోసు మార్చడం ఆమె పని కాదు, తాను చూసింది డాక్టరుకు చెబుతుంది. రద్దీ ఓపీలో డాక్టరుకు చొక్కా ఎత్తించి చూసేంత తీరిక ఎక్కడిది?

ఈసారి పోయేటప్పుడు సీసా, సిరంజి, మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుపోండి. మోకాళ్ల నొప్పులకని ఎవరో ఇచ్చిన పేరులేని పొడి నాయన చాటుగా మింగుతుంటే అదీ వేయండి, అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే షుగరు పెరుగుతుంది. ఆమె అడగకపోయినా మీరే చూపించండి.