పికప్‌కు హీటరు బిగిస్తే బీమా పోతుందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. రెండేళ్ల కిందట సొంత వాడకానికి డీజిల్ పికప్ కొన్నాను. చలికాలంలో స్నేహితులతో కలిసి హిమాచల్‌లోని స్పితి లోయకు వెళ్లాలనుకుని, కెనడాలో ఉండే మా బావ తెచ్చిన ఇంజిన్ బ్లాక్ హీటరును (గడ్డకట్టే చలిలో బండి తేలిగ్గా స్టార్టయ్యేలా ఇంజిన్‌ను ముందే కరెంటుతో వేడిచేసే పరికరం) జేసీ రోడ్డు దగ్గర ఒక గ్యారేజీలో బిగించుకున్నాను. కూలి 3,500 రూపాయలు ఫోన్‌లోనే చెల్లించాను. బిల్లు ఇవ్వలేదు. పనిచేస్తుందో లేదో చూద్దామని ఆ రాత్రే మా అపార్ట్‌మెంట్ సెల్లారులో ప్లగ్గు పెట్టాను. గంట తిరగకుండానే బానెట్ కింద నుంచి పొగ, ఆపై మంట. కాపలాదారు ఆర్పేశాడు కాని వైరింగ్, గొట్టాలు, బ్యాటరీ కాలిపోయాయి. మరమ్మతుకు 1,86,000 అవుతుందన్నారు. నాది సమగ్ర పాలసీ. అయినా ‘అనుమతి లేని మార్పు చేశారు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను ఉల్లంఘించారు’ అని బీమా కంపెనీ క్లెయిమును తిరస్కరించింది. షోరూము వాళ్లు వారంటీ మొత్తం రద్దయిందంటున్నారు. స్టీరింగ్‌లో శబ్దం వస్తోందని నేను అంతకు ముందే ఇచ్చిన ఫిర్యాదును కూడా పట్టించుకోవడం లేదు. గ్యారేజీ యజమాని ‘సామాను మీరు తెచ్చారు, నేను బిగించానంతే’ అంటున్నాడు. నిజంగా నేను చట్టం తప్పానా? నష్టం ఎవరి నుంచి రాబట్టుకోవాలి?

జవాబు: మీరు పంపిన ఫోటోల్లో మూడోదాన్ని పెద్దది చేసి చూశాను. హీటరుకు తగిలించే సాకెట్టు కరిగి ముద్దయింది. తీగ రెండో చివర మాత్రం చెక్కుచెదరలేదు. దానికొక తెల్ల అడాప్టరు, పక్కనే చిన్న కాగితపు పట్టీ. దాని మీద అక్షరాలు ఇంకా స్పష్టంగానే ఉన్నాయి: 120 వోల్టులు, 400 వాట్లు. మీ కేసు బరువంతా ఆ పట్టీ మీదే ఉంది, 52వ సెక్షన్ మీద లేదు.

కెనడా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అడాప్టరు పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని తగ్గించదు. హీటరు లోపలి తీగ అదే కనుక వోల్టేజీ ఇంచుమించు రెట్టింపైనప్పుడు వేడి దాదాపు నాలుగింతలకు చేరుతుంది. 400 వాట్లకు తయారైన హీటరు మీ సెల్లారులో 1,470 వాట్ల దగ్గర కాలింది. మంటకు అదే కారణమని నిపుణుడే తేల్చాలి. ఇంకొక కారణానికి కూడా అవకాశం ఉంది. ఇంజిన్ బ్లాకుకు పక్కన ఉండే కోర్ ప్లగ్ అనే చిన్న లోహపు మూతను ఊడదీసి, ఆ రంధ్రంలో హీటరును దింపాలంటే కూలెంట్‌ను, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, వంపేయాలి. తిరిగి నింపాక ఇంజిన్ నడిపి, లోపల చిక్కుకున్న గాలిని బయటికి తీయాలి. గాలి నిలిచిన చోట హీటరు కూలెంట్‌లో మునగకుండా ఒట్టిగా కాలుతుంది. గ్యారేజీ వాళ్లు ఆ పని చేశారా? ఈ రెండు కారణాలకూ చట్టంలో ఫలితాలు వేరు. వోల్టేజీ విషయంలో తప్పు మీ ఇద్దరిదీ. గాలి తీయకపోతే తప్పు పూర్తిగా గ్యారేజీదే.

ముందు మీ భయం తీరుస్తాను. తయారీదారు మొదట నిర్దేశించినదానికి రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. మార్పు అంటే ఏమిటో అదే సెక్షన్ కింది వివరణలో ఉంది: మౌలిక లక్షణం మారిపోయేలా వాహన నిర్మాణంలో చేసే మార్పు. మీ ఆర్‌సీ ముందు పెట్టుకుని ఒక్కొక్క గడి చదవండి. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, ఇంజిన్ సామర్థ్యం, ఇంధనం, బాడీ రకం, సీట్లు, రంగు. హీటరు వీటిలో దేన్ని మార్చింది? ఒక్కదాన్నీ మార్చలేదు. తిరస్కరణ లేఖలో ఉదహరించిన సుప్రీంకోర్టు తీర్పు 2019 జనవరిలో, కేరళ నుంచి వెళ్లిన జయచంద్ర కేసులో వచ్చింది. తయారీదారు స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం గురించిన తీర్పు అది. కూలెంట్‌ను వేడిచేసే చిన్న పరికరాన్ని ఆ గాటన కట్టడం సరికాదని నా అభిప్రాయం. అనుమతి లేని రీతిలో భాగాలు బిగిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ అని 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ చెబుతుంది. అది కూడా మీకు వర్తించదనే వాదిస్తాను.

ఇక బీమా. పాలసీ కాగితాల్లో ‘సొంత నష్టం’ అనే భాగం తీయండి. కంపెనీ భరించే ప్రమాదాల జాబితాలో మొదటి వరుసలోనే అగ్ని, పేలుడు, వాహనం తనంత తాను అంటుకోవడం కనిపిస్తాయి. కొంచెం కిందికి వస్తే మినహాయింపుల్లో ‘మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్’ ఉంటుంది. 52వ సెక్షన్ నిలవదని తెలియగానే కంపెనీ ఈ రెండో మాటను పట్టుకుంటుంది. హీటరు చెడిపోవడం బ్రేక్‌డౌన్ కావచ్చు, దాని వల్ల రేగిన మంట మాత్రం అగ్నిప్రమాదమే. మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయవలసిన భారం కంపెనీదే, మీది కాదు.

వాళ్ల చేతిలో ఉన్న గట్టి ఆయుధం వేరే ఉంది, దాన్ని మీకు దాచను. వాహనాన్ని నష్టం నుంచి కాపాడేందుకు యజమాని సహేతుకమైన జాగ్రత్తలన్నీ తీసుకోవాలని పాలసీలో షరతు ఉంటుంది. 120 వోల్టుల పట్టీ ఉన్న పరికరాన్ని 230 వోల్టుల సాకెట్టులో పెట్టడం జాగ్రత్త ఎలా అవుతుందని వాళ్ల వకీలు అడుగుతాడు. ఆ పని వృత్తిలో ఉన్న మెకానిక్‌కు అప్పగించాననీ, ప్లగ్గు పెట్టుకోవచ్చని అతడు చెప్పాకే పెట్టాననీ మీరు చూపించాలి. షరతు తప్పారని తేలినా మొత్తం పోదు. అలాంటప్పుడు క్లెయిములో 75 శాతం వరకు ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతిలో చెల్లించవచ్చని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు అంది. మీకు రావలసింది పూర్తి మొత్తమేనని నేను అనుకుంటున్నాను. 75 శాతానికి బేరం వస్తే కాదనే ముందు మాత్రం నిదానంగా ఆలోచించండి. హీటరు ఖరీదు రాదు. షోరూము ధరలో లేని ఎలక్ట్రికల్ పరికరాలను ముందే ప్రకటించి ఐఎంటీ 24 అనే పాలసీ అనుబంధం కింద అదనపు ప్రీమియం కట్టి ఉండాలి, మీరు కట్టలేదు.

నష్టాన్ని అంచనా వేసిన సర్వేయర్ నివేదిక నకలు ఇవ్వమని కంపెనీకి ఈ రోజే రాయండి. మంట ఎక్కడ మొదలైందని అతడు రాశాడో తెలియకుండా తర్వాతి అడుగు వేయకూడదు. ఆ నివేదిక శిలాశాసనమేమీ కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తర్వాత కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి నెల రోజులు చూడండి. జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా జేపీ నగర్‌లోని జీవన్ సౌధలో ఉన్న బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. రుసుము లేదు, లాయరు అవసరం లేదు. తిరస్కరణ జరిగిన ఏడాదిలోగా వెళ్లాలి. ఆయన ఇచ్చే అవార్డుకు కంపెనీ కట్టుబడాలి. మీకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. ఈ వరుసను తిరగేయకండి. ఇదే విషయం మీద ముందు కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు.

వారంటీ మాటకొస్తే, షోరూము వాళ్లు చెప్పేది సగమే సరి. బయట బిగించిన పరికరం వల్ల కాలిన వైరింగును ఉచితంగా మార్చమని వాళ్లను నిలదీయలేరు. కేంద్రం నిర్దేశించిన నిబంధనల ప్రకారం చేసిన మార్పులకు వారంటీ చెల్లకుండా పోదని 52వ సెక్షన్‌కు 2019లో ఒక రక్షణ చేర్చారు. మీరు బిగించినది అలా ఆమోదం పొందిన పరికరం కాదు కనుక అది మీకు అక్కరకు రాదు. స్టీరింగ్ శబ్దం సంగతి పూర్తిగా వేరు. హీటరు బిగించకముందే దాని మీద జాబ్ కార్డు, అంటే షోరూము మీ ఫిర్యాదు రాసుకున్న పత్రం, ఉంది. కూలెంట్ హీటరుకూ స్టీరింగ్‌కూ సంబంధమేమిటో వాళ్లు చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది సేవాలోపమే. ఆ జాబ్ కార్డు నకలు మీ దగ్గర లేకపోతే వెంటనే తీసుకోండి.

గ్యారేజీ యజమాని ‘నేను బిగించానంతే’ అన్నాడని రాశారు. ఆ బిగించడమే అతడు అమ్మిన సేవ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపానికి అతణ్ని బాధ్యుణ్ని చేస్తుంది. వస్తువు మీదైనా, పట్టీ చదివి ‘ఇది ఇక్కడ పనికిరాదండీ’ అని చెప్పవలసిన నైపుణ్యం అతడిది. మీరు డబ్బిచ్చింది ఆ నైపుణ్యానికే. తెచ్చింది మీరు కనుక కమిషన్ పరిహారంలో కొంత కోత పెట్టవచ్చు. ఇక బిల్లు ఇవ్వకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార విధానంగా లెక్కిస్తుంది. అతడి బాధ్యత అక్కడ పెరిగిందే కాని తగ్గలేదు. ఫోన్‌లో చేసిన చెల్లింపు మీ రసీదు. ‘రాత్రికి ప్లగ్గు పెట్టి చూసుకోండన్నా’ అని అతడు పంపిన వాట్సాప్ సందేశం అంతకన్నా విలువైనది. దాన్ని చెరపకండి, ఫోను మార్చకండి. సందేశం తెలుగులో ఉంది కనుక ఇక్కడి కమిషన్‌లో కన్నడ లేదా ఇంగ్లిషు అనువాదం జతచేయాలి.

మీరు బెంగళూరులో ఉంటున్నారు కనుక ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. గడువు రెండేళ్లు. గ్యారేజీకి చెల్లించింది 5 లక్షల లోపు కనుక ఆ ఫిర్యాదుకు రుసుము ఉండదు. పికప్‌తో సరుకు తోలుకుంటూ బతికే పాఠకులు కూడా ఇదే తరహా సందేహాలు రాస్తున్నారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే వాడుతున్న బండి అయితే వాళ్లూ వినియోగదారులే.

ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. గ్యారేజీ యజమాని మధ్యవర్తుల్ని పంపి, నలభై వేలు ఇస్తాను, ఇక ఏ హక్కూ లేదని సంతకం పెట్టమని అడగవచ్చు. పెట్టకండి. బీమా కంపెనీ మీకు డబ్బు చెల్లించాక, నష్టానికి కారణమైనవారి నుంచి దాన్ని రాబట్టుకునే హక్కు దానికి వస్తుంది. మీరు ముందే హక్కు వదులుకుంటే, మా హక్కును చెడగొట్టారంటూ మీ క్లెయిమునే తోసిపుచ్చడానికి కంపెనీకి దారి దొరుకుతుంది. ఒకే నష్టానికి రెండు చోట్ల డబ్బు తీసుకోవడం కుదరదు. బీమా ఇవ్వని భాగాన్ని, అంటే తరుగుదల కింద కోసినది, నో క్లెయిమ్ బోనస్ పోవడం, బండి లేని రోజుల ఖర్చు, హీటరు ధరను మాత్రమే గ్యారేజీ నుంచి అడగండి.

సెల్లారు గోడకు మసి పట్టిందని అపార్ట్‌మెంట్ సంఘం డబ్బు అడిగితే, బీమా కంపెనీకి తెలియజేసి సమాధానం వచ్చేదాకా ఇస్తానని రాతపూర్వకంగా ఒప్పుకోకండి. కంపెనీ అనుమతి లేకుండా అలా ఒప్పుకోరాదని కూడా పాలసీలో షరతు ఉంటుంది.

బండి ఇంకా షోరూము వర్క్‌షాపులోనే ఉందనీ, స్థలం ఖాళీ చేయమని తొందర పెడుతున్నారనీ రాశారు. నా కంగారంతా దాని గురించే. కరిగిన సాకెట్టు, తీగ, అడాప్టరు, ఆ పట్టీ, బ్లాకులోనే ఉన్న హీటరు. పనివాళ్లు వీటిని తుక్కులో వేసేస్తే కమిషన్ పరీక్షకు పంపమన్నా పంపడానికి ఏమీ మిగలదు. వోల్టేజీయా, గాలి తీయకపోవడమా అన్నది ఎప్పటికీ తేలదు. ఇవాళే వర్క్‌షాపు మేనేజరుకు మెయిల్ పెట్టి, నకలు బీమా కంపెనీకీ పంపండి: ‘కాలిన భాగాలేవీ విప్పవద్దు, పారవేయవద్దు. విప్పవలసివస్తే నా సమక్షంలో, సర్వేయర్‌కు తెలియజేసి, వీడియో తీస్తూ విప్పాలి. తీసిన ప్రతి భాగాన్నీ సంచిలో పెట్టి సీలు వేసి, మీ సంతకంతో నాకు అప్పగించాలి.’ మెయిల్ పంపాక మీరే ఒకసారి వెళ్లి, బండి ఎలా ఉందో ఫోటోలు తీసుకుని రండి.